బొయిపరిగుడ సంతలో చూపించిన మచ్చ

బొయిపరిగుడ, 12-2-58

అమ్మా, నేను కులాసా, బెంగపడకు. నిన్న సంతలో మా ఆస్పత్రి బల్ల వేసి డాక్టరుగారు కుష్ఠు గురించి ఎంత చెప్పినా ఒక్కరూ దగ్గరకు రాలేదు. నేను చొక్కా విప్పి, మందులతో మానిన నా మచ్చ చూపించాను. ఉప్పు అమ్మే ముసలమ్మ దాన్ని తడిమి చూసి, "నీకు తగ్గిపోనాదేటి బాబూ? మా కోడల్ని ఇంట్లో దాసీసేం, తీసుకొస్తానుండు" అంది. ఆ తరవాత జనం మా బల్ల చుట్టూ మూగారు. ఇకమీదట ప్రతి సంతలోనూ ముందు నేనే మాట్లాడాలన్నారు డాక్టరుగారు!

కొత్త చింతపండు పంపు. ఆవు ఈనిందా? చెల్లి పెళ్లికి వస్తున్నాను. నా విస్తరి పెరట్లో కాదు, అందరితో పంక్తిలోనే వెయ్యమను. నాన్నగారికి నమస్కారాలు.

రోగం సంగతి దాచాలని ఇన్నాళ్లూ కవర్లలో రాశాను. ఇది కార్డు. పోస్టుమాన్ చదివి ఊరందరికీ చెప్పినా నాకు సంతోషమే.

నీ కూర్మనాథం