నూనె సీసా నడిచిన ఇల్లు

నాచారం,
శుక్రవారం మధ్యాహ్నం.

దోర్కా అక్కకు,

నీ చెల్లెలు షైనీ వందనాలు. దేవుని దయవల్ల మేమందరం ఇక్కడ క్షేమం, నువ్వూ అక్కడ క్షేమమేనని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా, పెట్టేశాను. అందులో కొంత అబద్ధం ఉంది. మెల్లగా చెప్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లు లోపలికి రానివ్వని చోట ఉన్నావు కాబట్టి ఉత్తరం రాశావు, అది సరే. కానీ అమ్మకు కాదు, నాన్నకు కాదు, నా పేరున రాశావు! ఒకే గదిలో పక్కపక్క చాపల మీద పడుకుంటూ ఏడాదిన్నర మాట్లాడుకోని మనుషులం మనం. అమ్మ కవరు అటు తిప్పి ఇటు తిప్పి "నాకు రాయలేదా?" అంది. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు నాకు మస్తు సంతోషమైంది.

తర్వాత చదివాను. వచ్చే ఆదివారం అందరి ముందు నిలబడి సమర్పణ చేసుకుంటానని, ఉద్యోగం, ఇల్లు అన్నీ వదిలి బతికినంత కాలం ఇప్పుడు నువ్వున్న ఆ ప్రార్థనాలయంలోనే సేవ చేస్తూ ఉండిపోతానని రాశావు. ఇంటికి వస్తే ఆ పీడ మళ్ళీ పట్టుకుంటుందని భయంగా ఉందని కూడా రాశావు. ఒకసారి దేవుడికి మాట ఇస్తే ప్రాణం పోయినా తప్పే మనిషివి కాదు నువ్వు. అందుకే ఈ ఉత్తరం ఆదివారం లోపల నీ చేతిలో పడాలి. రేపు నిన్ను చూడటానికి వచ్చే నాన్నతోనే పంపుతున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. నానమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. దవాఖానాకు పోదామంటే "నా మోకాలు నాతోటే పోతది, నీకేం ఫికర్" అంటోంది. పాపం ఆమెకు తోచడం లేదు. మనిద్దరి మధ్య మాటలు మోసే పని పోయింది కదా. "నానమ్మా, దాన్ని బాత్రూంలకెళ్లి బయటికి రమ్మను" అని నేను, "నానమ్మా, అరిస్తే అసలే రానని చెప్పు" అని నువ్వు. ఒకరోజు విసుగెత్తి "నేనేమన్న మీ ఇంట్ల టెలిఫోన్ తీగనా?" అని చీపురు విసిరేసింది.

ఉప్పల్‌లో మీ ల్యాబ్‌కు నేనే వెళ్ళి అడిగి వచ్చాను. విజయశ్రీ మేడమ్ నీ చోట ఇంకా ఎవరినీ పెట్టలేదు. "దోర్కా రక్తం తీస్తే చిన్న పిల్లలు సుత ఏడ్వరు. వస్తదేమోనని సూస్తున్న" అంది. ఎక్కడికి పోయినా నీ పొగడ్తే! అరగంట కూర్చున్నాను, ఆమె నన్ను "దోర్కా చెల్లె" అనే పిలిచింది. మా అమ్మ నాకు పేరు పెట్టలేదా?

చర్చిలో నీ పాటలు ఎవరు పాడుతున్నారని అడిగావు. నేనే పాడుతున్నాను. పోయిన ఆదివారం పాడుతుంటే ముందు వరుసలో దీనమ్మ ఆంటీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా పాటకు కరిగిపోయిందని ఉబ్బి తబ్బిబ్బయ్యాను. బయటికి వచ్చాక దగ్గరికి తీసుకుని "దోర్కా యాదికొచ్చింది బిడ్డా" అంది. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఎందుకు తినలేదని ఎవరూ అడగలేదు కూడా.

నీ ఉత్తరంలో చివర ఇంకో ప్రశ్న ఉంది. "నేను వచ్చినంక ఇంట్ల ఆ పీడ ఆగిందా?" అని. దానికీ వస్తాను, కానీ ముందు నుంచి చెప్పకపోతే నాకు రాయడం రాదు.

మనం మాట్లాడటం మానేసింది చర్చిలో యూత్ సండే నాటి నుంచి. నేను సోలో పాడుతూ రెండో చరణం మరచిపోయాను. నువ్వు వెనక నుంచి అందుకున్నావు. అందుకుని నాకు వదిలేస్తే పోయేది కదా, మూడో చరణం కూడా నువ్వే పాడేశావు. చప్పట్లే చప్పట్లు. పాస్టరయ్య మైకులో "అక్కంటే గిట్లుండాలె" అన్నాడు. నన్ను ఆదుకున్నానని నువ్వు అనుకున్నావు. నా పాట ఎత్తుకుపోయావని నేను అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాను, దాచి లాభం లేదు.

ఆ తర్వాత నూనె సీసా సంగతి. పాస్టరయ్య ప్రార్థన చేసి ఇచ్చిన ఆలివ్ నూనె. పడుకునే ముందు నువ్వు నుదుట రాసుకుని, అదే వేలితో నాకూ రాసేదానివి, చిన్నప్పటి నుంచీ. మాటలు ఆగిపోయాక నువ్వొక్కదానివే రాసుకుని మూత బిగించి గూట్లో పెట్టేదానివి. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఈ సంవత్సరం మొదట్లో ఆ సీసా నీ దిండు కింద దొరికింది. ఎవరు పెట్టారని అడిగావు, ఎవరూ పెట్టలేదన్నారు. ఇంకో ఇంట్లో అయితే "ఎవరో పెట్టి మరచిపోయారు" అనుకుని వదిలేస్తారు. మన ఇంట్లో వదులుతారా? నాన్న మోకాళ్ళ మీద పడ్డాడు. ఆదివారం నువ్వు లేచి "దేవుడే నా దగ్గరికి పంపిండు" అని సాక్ష్యం చెప్పావు. చర్చి అంతా హల్లెలూయ అని దద్దరిల్లింది. తర్వాత సీసా నీ టిఫిన్ సంచిలో దొరికింది, రెండో సాక్ష్యం. పీర్జాదిగూడ నుంచి కూడా మనుషులు వచ్చి నీ సీసాను కళ్ళకద్దుకుని పోయారు. వాళ్ళందరికీ చాయ్ పెట్టింది నేను.

ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. సీసా నీ చెప్పులో దొరికింది. నూనె రోజురోజుకూ తగ్గసాగింది. ప్రార్థన నూనె చెప్పులో ఉండటమేమిటని పాస్టరయ్య ముఖం నల్లబడింది. "ఇది దేవుని పని లెక్క కనిపిస్తలేదు" అన్నాడు. అందరూ నీ కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒక్కరు ఒక్క పూట తిండి మానలేదు, నీ కోసం మాత్రం చర్చికి చర్చే పస్తులుంది. నువ్వు నిద్ర మానేశావు, తిండి మానేశావు. చివరికి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సులు చూడకుండా నడిచిపోతుంటే ఎవరో రెక్క పట్టి వెనక్కి లాగారు. ఆ వారమే నాన్న నిన్ను అక్కడికి తీసుకెళ్ళి దించాడు.

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో నీకు తెలియదు. ఆ సీసాను నాగోల్ దగ్గర మూసీలో పడేయమన్నాడు పాస్టరయ్య. నాన్న వంతెన దాకా పోయి, సీసాతోనే తిరిగి వచ్చాడు. "ప్రార్థన జేసిన నూనె బిడ్డా, చెయ్యి రాలే" అని గుడ్డలో చుట్టి సజ్జ మీద పెట్టాడు.

పోయిన వారం నేను అమీర్‌పేటలో కోచింగ్‌కు పోతూ ఉప్పల్ మెట్రోలో బ్యాగును తనిఖీ మిషన్లో పెట్టాను. అక్కడి అమ్మాయి ఆపింది. "బాటిల్‌ల ఏమున్నది?" అంది. "నా బ్యాగుల బాటిల్ లేదు" అన్నాను. చెయ్యి పెట్టి తీసింది. అదే సీసా! అక్కడే కూలబడ్డాను. "ఏందక్కా, గట్లయితున్నవ్, నీళ్లు తాగు" అని ఆ అమ్మాయే కుర్చీ వేసింది.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పకుండా సజ్జ మీద పెట్టేశాను. తెల్లారి నా దిండు కింద ఉంది. ఆ మర్నాడు చెప్పులో ఉంది. నాకు అన్నం ముద్ద దిగలేదు. వెనక ఎవరో నిలబడ్డట్టు ఉండేది. నేనే ఏమైనా చేసి మరచిపోతున్నానా, నాకు పిచ్చి ఎక్కుతోందా అని పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చునేదాన్ని. అందరికంటే నాకు ఎక్కువ భయం ఎందుకంటే, ఆ సీసా తనంతట తాను కదలదని ఈ ఇంట్లో ఖాయంగా తెలిసింది నా ఒక్కదానికేనని అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం నానమ్మ గడప దగ్గర పుంటికూర తెంపుతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"ఏమైంది పోరీ, మొఖం గట్ల పీక్కపోయింది?"

"నానమ్మా, ఆ సీసా మళ్ల నడుస్తుంది."

తల ఎత్తలేదు. కూర తెంపుతూనే ఉంది. "నడవదా మరి? సీసకు కాళ్లు లేకున్న నీకు నాకు ఉన్నయ్ గద. గప్పుడు నువ్వు నడిపించినవ్, గిప్పుడు నేను నడిపిస్తున్న."

నానమ్మ తెంపిన కాడలు పక్కకు నెట్టి మళ్ళీ అందుకుంది.

"మీ అక్క పోయినంక దిండు గలీబులు ఉతుకుతుంటే దొరికినవ్. ఇంటిల్లిపాదికి కొబ్బరి నూనె, నీ ఒక్కదాని గలీబుకు ప్రార్థన నూనె వాసనేంది? ముందుగాల తెలిస్తే నీ వీపు చింతపండు జేద్దును. ఆ పోరి ఎంత భయపడ్డదో నోటితోని చెప్తే నీకు సమజ్ గాదు. అందుకే సజ్జ ఎక్కిన, ఈ మోకాళ్లతోని. ఇగ నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

అవునక్కా. నేనే. మొదటిసారి మాత్రం కావాలని చేయలేదు. నువ్వు డ్యూటీకి పోయాక నేనూ నుదుట కొంచెం రాసుకుందామని సీసా తీశాను. నానమ్మ వస్తున్న అలికిడి విని గాభరాగా నీ దిండు కింద దూర్చాను. అంతే. ఆదివారం నువ్వు లేచి నిలబడి, దేవుడు నిన్ను వెతుక్కుంటూ వచ్చాడని చెప్పావు చూడు, అప్పుడు కడుపు భగ్గుమంది. నా దొంగతనం కూడా నీకే మహిమ అయిపోయింది! నిన్ను ఆట పట్టించి నవ్వులపాలు చేద్దామని సంచిలో పెడితే నీకు ఇంకా పేరొచ్చింది. ఇక పట్టలేక చెప్పులో పెట్టాను. నూనె నా తలకు రాసుకున్నాను. నువ్వు చిక్కిపోతున్నావని కనబడింది, కనబడలేదని అనను. కానీ నీ చుట్టూ ఎప్పుడు చూసినా నలుగురు ఉండేవాళ్ళు, వాళ్ళను చూసినప్పుడల్లా నాకు మళ్ళీ కళ్ళు కుట్టేవి. రింగ్ రోడ్డు దగ్గర సంగతి విన్నాక ఆపేశాను. అప్పుడే నోరు తెరవాల్సింది, తెరవలేదు. నిన్ను తీసుకుపోతుంటే, ఇక గది నాదే అనుకున్నాను.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ఇది: నీకు ఏ పీడా లేదు, ఏ పిచ్చీ లేదు. నీ పీడ నేనే.

నిన్న సాయంత్రమే అమ్మకూ నాన్నకూ చెప్పాను. నాన్న "మీ అక్కకు నీ చేతితోనే రాయి" అన్నాడు. అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. "నా దోర్కా, నా బంగారమా" అని ఏడ్చింది. ఒప్పుకుని ఎదురుగా నిలబడింది నేను, పేరు మాత్రం నీదే. అప్పుడు కూడా నాకు కుళ్ళు పుట్టింది, ఏం చేయను, నా బుద్ధే అంత.

అక్కడ ఉత్తరాలు విప్పి చదువుతారని రాశావు. చదవనీ, అందరికీ వినిపించనీ. ఆదివారం ఇక్కడ చర్చిలో నేనే లేచి నా నోటితో చెప్తానని పాస్టరయ్యకు మాట ఇచ్చాను. నువ్వు దేవుడి మీద ప్రేమతో సమర్పణ చేసుకుంటానంటే చేసుకో, నిన్ను ఎవరూ ఆపరు. భయంతో అయితే వద్దు. ఆ భయానికి ఊరూ పేరూ ఉన్నాయి, నాచారం షైనీ.

రేపు నాన్న బండి మీద నేనూ వస్తున్నాను. అక్కడ తల్లిదండ్రులను తప్ప లోపలికి రానివ్వరట కదా, గేటు బయట నిలబడి ఉంటాను.

క్షమించమని మాత్రం అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, నాకు తెలుసు. ఏడుస్తూ కౌగిలించుకుంటావు కూడా. చూసినవాళ్ళందరూ దోర్కాది ఎంత గొప్ప మనసు అంటారు, ఆ పేరు కూడా నీకే పోతుంది, నేను జీవితమంతా నువ్వు క్షమించిన చెల్లెలిగా బతకాలి. నా వల్ల కాదక్కా. ఈ ఒక్కసారి మంచిదానివి కాకు. గేటు దాటి బయటికి వచ్చి, నాన్న చూస్తున్నా సరే, నన్ను చెంప పగిలేటట్టు కొట్టు.

ఇట్లు,
నువ్వు వచ్చేదాకా గేటు దగ్గర నుంచి కదలని
నీ చెల్లెలు
షైనీ