ఎగిరే కారు, తొమ్మిదో నెల

ఆగస్టు 4, సోమవారం
చల్లపల్లి వెళ్లి వచ్చాం. నడుము పట్టేసింది. ఆయన సెకండ్ హ్యాండులో కొన్న ఎర్ర కారులో ఇదే మొదటి దూర ప్రయాణం. చూడ్డానికి ముచ్చటగా, రేసు కారులా ఉంటుంది. కూర్చుంటే రోకటి పోట్లు. పామర్రు దాటాక ప్రతి గుంత దగ్గరా రాముణ్ణి తలుచుకున్నాను. అంత ఏకాగ్రత నాకు గుళ్లో కూడా కుదరలేదు.

మా అమ్మాయి సౌజన్యను పురిటికి తీసుకువెళ్తామని చెప్పడానికి వెళ్లాం. దానికి తొమ్మిదో నెల వస్తోంది. నేను కారు దిగే తీరు వాళ్ల అత్తగారు చూశారు. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి నడుం మీద...
"వదినగారూ, మీకే ఇలా ఉంటే కడుపుతో ఉన్న పిల్లను ఎలా పంపమంటారండీ? పురుడు ఇక్కడే పోస్తాం లెండి."
మెత్తగానే అన్నారు. మొదటి కాన్పు పుట్టింట్లో కాకపోతే...

ఆగస్టు 5
టాక్సీ మాట్లాడదామన్నాను. "నా కూతురు నా కారులోనే వస్తుంది." అంతే.

ఆగస్టు 7, గురువారం
రైసు మిల్లులో పనిచేసిన మనిషి కదా, ఆయనకో ఉపాయం తట్టింది. "ఖాళీ లారీ ఎగురుతుంది, లోడు లారీ ఊగుతుంది. తెలుసా?" డిక్కీలో బియ్యం బస్తాలు వేశారు. కుదుపు తగ్గింది, నిజమే. కానీ మా భవానీపురం దాటకముందే స్పీడు బ్రేకరు మీద కారు పొట్ట ఆనింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. దిగి బస్తాలు దించుతుంటే ఓ ఆటో అబ్బాయి — "బాబాయ్, ఇక్కడే బియ్యం కొట్టు పెట్టెయ్!"
కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నా నవ్వు ఆయనకు కనపడకూడదని.

ఆగస్టు 8, శుక్రవారం
వరలక్ష్మీ వ్రతం. పూర్ణాలు బాగా కుదిరాయి. పిల్ల ఇంటికి రావాలని అమ్మవారిని అడిగాను. కారు సంగతి కూడా చెప్పుకున్నాను.

ఆగస్టు 11, సోమవారం
ఆటోనగర్. మెకానిక్ మస్తాన్ కారు కిందకి దూరాడు. పాత ఓనరు సోకు కోసం స్ప్రింగులు కోయించి, పెద్ద చక్రాలకు పల్చటి టైర్లు వేయించాడట. పైగా ఈయన మైలేజీ వస్తుందని గాలి ఎక్కువ కొట్టించారు. "ఇంక గుంత సీదాగా మీ నడుముకే తగులుద్దమ్మా!"
కంపెనీ స్ప్రింగులు, చిన్న చక్రాలు, దళసరి టైర్లు వేస్తానన్నాడు. ఆయన మొహం మాడిపోయింది. "కారు బామ్మలా తయారవుతుంది."
"మీరు తాతయ్య అవుతున్నారు కదండీ" అన్నాను, నెమ్మదిగానే.
మస్తాన్ అటు తిరిగి నవ్వుకున్నాడు. ఆయన పెద్ద చక్రాన్ని ఒకసారి తడిమి — "సరే, కానియ్."

ఆగస్టు 13
కారు వచ్చింది. కాస్త ఎత్తుగా, పెద్దమనిషి తరహాగా ఉంది. ఆయన చుట్టూ తిరిగి నిట్టూర్చారు. నేను గడ్డ పెరుగు గిన్నె ఒడిలో పెట్టుకుని వెనక కూర్చున్నాను. కుదుపు తగిలితే పెరుగు దాచదు, విరిగి నీరు వదులుతుంది. కంకిపాడు దాకా వెళ్లి వచ్చాం. ఒక్కచోటే విరిగింది, గేదె అడ్డొచ్చి ఆయన సడన్ బ్రేకు కొట్టినప్పుడు. "అది గేదె తప్పు. కారుది కాదు."

ఆగస్టు 16
చల్లపల్లి వదినగారికి ఫోన్ చేసి పెరుగు సంగతి చెప్పాను. "పెరుగుకేమండీ, దానికి నడుముందా? మీరు రండి, నేనే కూర్చుని చూస్తాను."

ఆగస్టు 17, ఆదివారం
చల్లపల్లి నుంచి పామర్రు దాకా వెళ్లి రావాలని ఒప్పందం. వదినగారు, నేను వెనక సీట్లో. ఆయన అంత నెమ్మదిగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. సైకిళ్లు దాటిపోతున్నాయి.
"అన్నయ్యగారూ, ఊరేగింపు కాదండీ! మామూలుగా పోనివ్వండి."
పోనిచ్చారు. తిరుగుదారిలో ఆవిడ మాటలు ఆగిపోయాయి. చూస్తే తల నా భుజం మీద... సన్నగా గురక. ముందు పెద్ద గుంత. ఊపిరి బిగబట్టాను. కారు దిగింది, లేచింది. గురక ఆగలేదు. అద్దంలో ఆయన కళ్లు మెరిశాయి. కారు కొన్న రోజు కూడా అంత సంతోషం చూడలేదు.

ఇంటి ముందు మెలకువ వచ్చింది. "నిద్ర కాదండీ, ఊరికే కళ్లు మూసుకున్నా."
"అవునండీ" అన్నాను. "మరి పిల్లను..."
"మా వారిని అడిగి రేపు ఫోన్ చేస్తాను."
వచ్చేటప్పుడు సౌజన్య నా చెవిలో — "ఈ ఇంట్లో మావయ్యను ఎవరూ ఏదీ అడగరమ్మా!"

ఆగస్టు 18, సోమవారం
ఫోన్ రాలేదు. మధ్యాహ్నం సౌజన్య మెసేజ్: అత్తయ్య పంచాంగం ముందేసుకుని కూర్చున్నారట. మంగళవారం పంపరు. శుక్రవారం అసలే పంపరు. మిగిలిన రోజుల్లో ఆవిడ వేలు దేని మీద ఆగిందో రాయలేదు... అసలు ఆగిందో లేదో.

ఆయన పొద్దుటి నుంచి కారు కడుగుతూనే ఉన్నారు. నేను వెనక గది తుడిచి, మంచం కిటికీ దగ్గరకు జరిపాను. ఎండ పడుతుందేమోనని మళ్లీ ఇవతలకు లాగాను.