మామలల్ల దొరకని బావ

అక్కా, దండం పెడుతున్న.

నీ మోకాలి నొప్పి ఎట్లున్నది? అవ్వ మందులు టైముకు వేసుకుంటున్నదా, దాచిపెట్టి వేసుకున్న అంటున్నదా? ముందుగాల గీ రెండింటికి జవాబు పంపు. నేను మంచిగనే ఉన్న. జ్వరం లేదు, దగ్గు లేదు. నా ఫికర్ చెయ్యకు.

ఫోన్‌ల చెప్పకుండ రాసుడేంది అనుకుంటవు. ఈసారి నీతోని ఒక పని పడ్డది. అది సమజ్ కావాలంటే మొదటి నుంచి చెప్పాలె. ఫోన్‌ల నువ్వు నడుమ నడుమ ప్రశ్నలు వేస్తవు. అందుకే రాసి, ఫోటో తీసి పంపుతున్న. అవ్వకు చదివి వినిపించు.

మస్కట్‌ల ఎండ ఇంక దిగలే. పొద్దుగాలనే గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతది. ఆఫీసుల మాత్రం స్వెటర్ వేసుకొని కూసుంటున్న. కరీంనగర్‌ల విలేకరిగ ఉన్నప్పుడు మనుషులను అడిగి సంగతి రాబట్టేది. ఇక్కడ కంప్యూటర్‌ను అడుగుడు నా నౌకరి. కంపెనీ మెయిళ్లు, ఫోన్ నంబర్లు, మీటింగుల తేదీలు అన్నీ ఒకటే సాఫ్ట్‌వేర్‌ల ఉంటయి. ఎవరికి ఏది కావాలన్నా వెతికి ఇయ్యాలె. ఒక్క మాట కొట్టి వెతుకుడు అందరికి వస్తది. దాని పక్కన ఇంకో కిటికీ ఉన్నది. అండ్ల షరతులు పెట్టొచ్చు: ఈ మాట ఉండాలె, ఆ మాట ఉండొద్దు, ఫలానా తేదీ తర్వాతిదే కావాలె. అన్ని షరతులు కలవాలెనా, ఏదో ఒక్కటి కలిస్తే చాలునా అని కూడ అడుగుతది. ఈ నెలంత దాన్నే తిరగేస్తున్న. అడిగే తీరు మారితే అవే కాగితాలు వేరే జవాబు చెప్తయి.

శుక్రవారం సెలవు. ఆ రోజు మా రూముల యాకూబ్ భాయ్ వంట. ఆదిలాబాద్ ఆయన, పప్పుల కూడ గరం మసాల వేస్తడు. తిన్నంక ఒక్కొక్కరు ఒక్కో గోడ దిక్కు తిరిగి ఇంటికి ఫోన్ చేస్తరు. అప్పుడు కొంచెం ఒంటరిగ అనిపిస్తది. ఎక్కువసేపు ఉండదులే.

పోయిన శుక్రవారం రాజేశం గోడ దిక్కు తిరగలే. మంచం మీద కూసొని ఫోన్‌ను పైకీ కిందికీ జరుపుతుండు. నీకు చెప్పిన గద, హుజూరాబాద్ దిక్కు మనిషి, ఏసీలు బిగిస్తడు. ఆయన భార్య స్వరూపకు ఇప్పుడు నెలలు నిండినయి. ఆమెది ఓ నెగటివ్ రక్తం, తొందరగ దొరకదు. నాలుగేండ్ల కింద మొదటి కాన్పుల ఆమెకు చాలా రక్తం పోయింది. కరీంనగర్ దవాఖాన వరండాల కనిపించిన తెలువని మనిషి ఒకాయన, ఆయనదీ అదే రక్తమట, ఇచ్చి ఆమెను బతికించిండు. ఇప్పుడు మళ్ల అదే దవాఖాన. వచ్చే గురువారం ఆపరేషన్, ఇచ్చే మనిషిని ముందుగాలనే చూసుకోండ్రి, రక్తనిధిల ఉంటదో ఉండదో చెప్పలేం అన్నదట డాక్టరమ్మ. రాజేశానికి సెలవు దొరకలే.

"ఆయన నంబర్ గీ ఫోన్లనే ఉన్నదన్నా. దొరుకుతలేదు" అన్నడు.

"పేరేంది?"

"తెల్వది."

"రక్తమిచ్చిన మనిషి పేరు అడగలేదా?"

"పెద్దమనిషిని పట్టుకొని నీ పేరేందని ఎట్ల అడుగుతమే? మామా అని పిలిచిన, పలికిండు. గట్లనే రాసుకున్న."

నవ్వకు అక్కా. నీ ఫోన్‌ల ఎంతమంది వదినెలున్నరో చూసుకో.

రాజేశం ఫోన్‌ల నంబర్లన్నీ నా ల్యాప్‌టాప్‌ల ఆ సాఫ్ట్‌వేర్‌లకు దించి 'మామ' అని వెతికిన. వడ్ల మామ, ట్రాక్టర్ మామ, బోరు మామ, మామ కొత్త నంబర్, ఉత్త మామ. స్క్రీన్ నిండిపోయింది.

"అరే రాజేశం, గీ మామలందరు ఓటేస్తే నువ్వు సర్పంచ్ అయితవ్ భై" అన్నడు యాకూబ్ భాయ్.

రాజేశం నవ్వలే. ఒక్కొక్క పేరు చూసిండు. అందరు తెలిసినోళ్లే. ఆయన లేడు.

ఇంకేం యాదికున్నదని అడిగిన. తనది సుల్తానాబాద్ అని ఆయన చెప్పిండట. 'మామ' ఉండాలె, 'సుల్తానాబాద్' ఉండాలె, రెండూ కలవాలె అని పెట్టిన. ఒక్కరు కూడ రాలే. ఏదో ఒకటి కలిస్తే చాలు అన్న. లెక్క లేనంత మంది వచ్చిండ్రు. గల్ఫ్‌కు రాకముందు రాజేశం సుల్తానాబాద్ రైస్ మిల్లుల పనిచేసిండు. హమాలీలు, లారీ డ్రైవర్లు అందరు అండ్లనే ఉన్నరు. పాప పుట్టిన వారంల రాసుకున్న నంబర్లు తియ్యి అందామంటే, కొత్త ఫోన్ కొన్ననాడు పాత నంబర్లన్నీ ఒకేసారి ఎక్కించిండట, అన్నిటికి ఒకటే తేదీ పడ్డది.

ఏమీ రాలేదంటే మనిషి లేడని గాదు. నేను పెట్టిన షరతులల్ల ఒకటి తప్పు. వార్తల పనిల కూడ ఇంతే, సాక్షి దేన్ని గట్టిగ చెప్తే దాన్నే మళ్లొకసారి అడగాలె. రాజేశం గట్టిగ చెప్పింది 'మామ' ఒక్కటే.

"మామా అని ఎప్పుడు పిలిచినవ్?"

"రక్తం అడిగేటప్పుడు."

"నంబర్ ఎప్పుడు తీసుకున్నవ్?"

"తెల్లారి. స్వరూపను చూడనీకి లోపలికి వచ్చిండు."

"ఆమె ఏమని పిలిచింది?"

యాదికి లేదన్నడు. ఫోన్ చేసి అడిగిండు. స్పీకర్‌ల ఆమె మాట మా అందరికి వినపడ్డది.

"అన్నా అని పిలిచిన. ఆయన రక్తం నా ఒంట్లెకు ఎక్కినంక అన్న గాక ఇంకేమయితడు? నువ్వే గద, బావా చాయ తాగుతవా అని ఎంబడి పడ్డవ్. ఎందుకు అడుగుతున్నవ్? నంబర్ పోగొట్టినవా ఏంది?"

"లేదు లేదు, ఉన్నది" అని పెట్టేసిండు.

భార్యకు అన్న అయితే భర్తకు బావ. రక్తం అడిగేటప్పుడు మామ, నంబర్ రాసుకునే యాళ్లకు బావ. 'మామ' తీసేసి 'బావ' పెట్టిన. సుల్తానాబాద్ ఉంచిన. మిల్లు, హమాలి, లారీ అన్న మాటలుంటే రావొద్దు అని చేర్చిన. ఇద్దరే మిగిలిండ్రు. ఒకాయన రాజేశం దోస్తు వాళ్ల అన్న. రెండోది 'బావ సుల్తానాబాద్ సెంటరింగ్'.

"గీయననే అన్నా! మోచేతుల దాక సిమెంట్ ఉండె. నర్సమ్మ తిట్టుకుంట కడిగిచ్చింది."

ఆ నంబర్‌కు ఫోన్ చేసినం. అటు దిక్కు సుత్తె దెబ్బలు వినపడుతున్నయి.

"బావా, నేను... కరీంనగర్ దవాఖానల... స్వరూప..."

"పాప ఎట్లున్నది?" అన్నడాయన. మొదటి మాట అదే.

రాజేశం సంగతంత చెప్పిండు. ఆయన సుత్తె ఆపుమని ఎవరికో కేకేసి మళ్ల ఫోన్‌లకు వచ్చిండు.

"గురువారం నాకు స్లాబ్ ఉన్నది."

రాజేశం నా మొహం చూసిండు.

"శుక్రవారానికి జరుపుత. ఇల్లు కట్టిచ్చేటోళ్లు తిడుతరు. తిట్టనీ."

రాజేశం కండ్లు తుడుచుకొని, "బావా, నీ పేరేంది?" అన్నడు.

"ఇప్పుడు యాదికొచ్చిందా? ఓదెలు."

అక్కా, నీ పని ఇది. ఆయనకు ఆ వార్డు ఎటో యాదికి లేదట. గురువారం పొద్దున కరీంనగర్ బస్టాండ్‌కు పోయి ఎదురు పడు. ఇంత నాష్తా పెట్టించి, దవాఖానకు తోలుకపోయి స్వరూప తల్లికి అప్పజెప్పు. రక్తమిచ్చినంక ఒంటరిగ బస్సెక్కనియ్యకు, జరసేపు మనింట్ల కూసోబెట్టు. రాజేశానికి ఫోన్ చెయ్యి, ఆ రోజు ఆయన పనిల ఉన్నా ఎత్తుతడు.

యాకూబ్ భాయ్ వచ్చే నెల ఊరికి వస్తుండు. ఆయనతోని నువ్వుల పొడి, ఎల్లిగడ్డ కారం పంపు. ఎక్కువ వద్దు, ఎంత పంపినా రూముల పంచుకునుడుకే సరిపోతది. నా తిండికి ఫికర్ లేదు, నిద్రకు ఫికర్ లేదు. అవ్వ కాళ్లకు మొక్కిన అని చెప్పు. ఈసారి నాకంటె ముందు స్వరూపను దీవించుమను. బావకు నమస్తే. ఈ బావకు గాదు, మీ ఇంట్ల బావకు.

ఓదెలును అడిగిన, నిన్ను ఎట్ల గుర్తుపట్టాలె, మా అక్క బావా అని పిలిస్తే సరేనా అని. "వద్దు, బస్టాండ్‌ల బావా అంటే డ్రైవర్లు సుత తిరిగి చూస్తరు. పేరు పెట్టి పిల్వుమను" అన్నడు.

కాబట్టి పెద్దమనిషి అని మొహమాటపడకు అక్కా. సుల్తానాబాద్ బస్సు ఆగంగనే, ఓదెలూ అని గట్టిగ పిలువు.

నీ తమ్ముడు,
సంపత్