కొండే గోడ

2023 జూన్ 8
ఇంటి ప్లాన్ మీద సుప్రజతో గొడవ. కూతురు ఆర్కిటెక్టయితే లాభమనుకున్నాను, క్లయింటు మాట అసలు వినదు. ఈ మంచుదేశంలో, గాటినో కొండల్లో ఇంత ఏటవాలు స్థలం కొన్నదే వెనక గోడ కోసం. కొండను తొలిచి, ఆ రాతినే వంటింటి గోడగా వదిలెయ్యమంటాను. దక్షిణం అద్దాల్లోంచి వచ్చే ఎండతోనే ఇల్లు వెచ్చబడాలి, రాయి ఆ వేడంతా తాగేస్తుంది, చలి ఆపే ఇన్సులేషన్‌తో మూసెయ్యాలంటుంది తను. మా ఆయన ఎప్పటిలాగే ఎవరి పక్షమూ కాదు.

జూన్ 9, ఉదయం
బెజవాడలో మా ఇల్లు కొండవాలులో ఉండేది. వెనక గోడ కట్టలేదు, కొండే గోడ. రోహిణి కార్తెలో కింద ఊరంతా ఉడికిపోతుంటే అమ్మా, అక్కలూ, నేనూ మధ్యాహ్నాలు ఆ రాతికి వీపులానించి వరసగా కూర్చునేవాళ్లం. ఫ్యాన్ లేదు. మామిడికాయ ముక్కలు, ఉప్పూకారం, ఊళ్లోవాళ్ల కబుర్లు. ఎంత బాగుండేదో.

ఈ దేశమొచ్చి, కింద కనాటా ఊళ్లో టెలికాం ఉద్యోగం చేసినన్నాళ్లూ మంచి ఇంట్లోనే ఉన్నాం. వీపు ఆనించుకునే చోటే లేదు నాకు. ఇదంతా సుప్రజకు ఎప్పుడూ చెప్పలేదు. తనూ అడగలేదు.

జూన్ 20
నేనే గెలిచాను. వంటింటి గోడ రాయే.

2024 నవంబర్ 17
కొత్తింట్లో తొలి చలి. గోడకు చెమటలు. కుక్కర్ పెట్టిన ప్రతిసారీ ఆవిరంతా చల్లటి రాతికి పట్టి నీళ్లు కారుతున్నాయి. బియ్యం బస్తా అడుగు ముక్కిపోయింది. మాగాయకు బూజు. బెజవాడ ఎండకు పనికొచ్చిన గోడ ఈ చలికి పనికొస్తుందా అని, ఇంజనీరునై ఉండి ఆలోచించలేదు. మా ఆయన జాకెట్ వేసుకుని భోంచేస్తున్నారు. ఒక్క మాట అనరు. అంటే బాగుండును.

నవంబర్ 23
సుప్రజ వచ్చి గోడ తడిమి చూసింది. నేను చెప్పలేదా అని అనలేదు. సోమవారం ఇన్సులేషన్ వాళ్లను పిలుస్తానంది. సరేనన్నాను. ఏడుపొచ్చింది, ఉల్లిపాయలు ముందేసుకున్నాను.

నవంబర్ 25, ఉదయం
సామాన్లు జరిపి, ఆఖరిసారి రాతికి వీపు ఆనించి కూర్చున్నాను. సుప్రజ కాఫీతో వచ్చి పక్కనే కూలబడింది. ఎముకలు కొరికే చలి. లేచిపోతుందనుకున్నాను. లేవలేదు.

"వై దిస్ వాల్, అమ్మా? టెల్ మీ," అంది.

నవంబర్ 25, మధ్యాహ్నం
ఇన్సులేషన్ వాళ్లు తలుపు కొట్టారు. సుప్రజే వెళ్లి, రేపు రమ్మని పంపేసింది. బెజవాడ కబుర్లలో ఇంకా పెద్దక్క పెళ్లి దగ్గరే ఉన్నాం.