పదమూడో నంబరు టోపీ

మౌలాలి, మే 4

ప్రియమైన ఆర్థర్‌కు,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. కొన్ని మాటలు కాగితం మీదే నయం.

దుషాన్ సికింద్రాబాద్ వస్తున్నాడు. అదేరా, ఇరవై ఆరేళ్ల కింద మన పూల్‌లో మన జట్టు మీద వాటర్ పోలో ఆడిన సెర్బియా కుర్రాడు. తర్వాత మూడు ఒలింపిక్స్ ఆడాడు. వాళ్ల ఊళ్లో బయటికొస్తే ఇప్పటికీ జనం చుట్టుముడతారట. ఆట మానేశాక ఊరూరా తిరిగి క్యాంపులు పెట్టి పిల్లలకు నేర్పుతున్నాడు. కాలనీవాళ్లు నన్నూ స్టేజీ ఎక్కిస్తారట. మా జగదాంబ అప్పుడే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

నువ్వు మాత్రం ఈ ఎండల్లో ప్రయాణం పెట్టుకోకు. మోకాళ్లు జాగ్రత్త.

నీ
విజయేందర్


గుంతకల్లు, మే 9

ప్రియమైన విజయ్,

"దుషాన్ పెనాల్టీ ఎడమచేత్తో ఆపాను" అంటే మా జెరూషా నమ్మలేదురా! కన్నకూతురే! నమ్మించడానికి నా దగ్గరేముంది? గోల్‌కీపర్లం ఇద్దరికీ ఎర్రటోపీలే. నాది ఒకటో నంబరు, నీది పదమూడు. నా టోపీ తాడు తెగి నీది పెట్టుకుని దిగాను. పేపరాయన నంబరు చూసి, నేను పెనాల్టీ ఆపుతున్న ఫోటో కింద నీ పేరు వేశాడు. ఎంత నవ్వుకున్నాం! సరిచేయిస్తానని నువ్వే పేపరాఫీసుకు బయల్దేరావు కూడా.

ఒక్క పని చేసిపెట్టు. నేను గుర్తున్నానేమో దుషాన్‌ను అడిగి రాయి. మా అమ్మాయికి చూపించాలి.

నీ
ఆర్థర్


మౌలాలి, మే 19

ఆర్థర్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రోజు పేపరాఫీసు దాకా వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. బయట టీ తాగి, పది పేపర్లు కొనుక్కుని వచ్చాను. ఆ ఫోటో ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. అక్కడ దుషాన్ గెలిచినప్పుడల్లా ఇక్కడ నా పేరు పెరిగింది. మోండా మార్కెట్‌లో తుకారాం, "దుషాన్‌ను ఆపిన సార్ వచ్చిండు, జెర మంచి టమాటలు ఏరి ఇయ్యుండ్రి" అంటాడు. నేను వద్దనను.

మొన్న స్టేజీ మీద, పిల్లలు తెచ్చిన ఆ ఫోటో కాపీల మీద కుడిచేత్తో సంతకాలు పెడుతున్నాను. దుషాన్ ఫోటో చూశాడు, నా చేతిని చూశాడు. "ఇది నువ్వు కాదు. ఆ ఎడమచేతివాడెక్కడ? పెనాల్టీ ఆపి, బంతి నా చేతికిచ్చి నమస్తే పెట్టాడు" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

"పోయాడు" అన్నాను.

పేరు అడిగితే నీ పేరు చెప్పాను. నేనాడిన నిజం అదొక్కటే. అతను కళ్లు తుడుచుకున్నాడు.

బతికున్న నిన్ను చంపేశానురా. సిగ్గుతో అన్నం సయించడం లేదు. "ఏందీ, గిట్ల పరేషాన్ అయితున్నవ్?" అని జగదాంబ అడుగుతోంది. ఏం చెప్పను?

విజయేందర్


గుంతకల్లు, మే 24

ప్రియమైన విజయ్‌కు,

నీ ఉత్తరం కన్నా ముందే నా చావు కబురు అందింది. దుషాన్ తన పేజీలో నా పేరు రాసి, ఫోటో పెట్టి, నివాళి అర్పించాడు. వాళ్ల దేశం నుంచి వేలమంది కొవ్వొత్తుల బొమ్మలు పెట్టారు. జెరూషా అన్నీ చదివి వినిపించింది. ఇప్పుడు నమ్మింది. అందుకు నేను చావాల్సి వచ్చింది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. పోయాడన్నందుకు కాదురా. ఇన్నేళ్లలో మా ఇంటికి ఎన్నిసార్లో వచ్చావు. మీ ఇంటికి ఒక్కసారీ రమ్మనలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఒక ఫోటో కోసం నన్ను గుమ్మం బయట నిలబెట్టావు.

వచ్చే ఆదివారం క్యాంపు ఆఖరి రోజట. జెరూషాతో వస్తున్నాను. నీ టోపీ నా దగ్గరే ఉండిపోయింది, తెస్తున్నాను. అక్కడ నేను నోరు విప్పను. చచ్చినవాడు ఎలా లేచి వచ్చాడో పిల్లలందరి ముందు నువ్వే చెప్పాలి.

చెప్పాక మీ ఇంట్లోనే భోజనం. ఇద్దరం వస్తామని జగదాంబమ్మకు చెప్పు.

ఇంకా బతికే ఉన్న
ఆర్థర్