ఎవరితో విసిగిందో రాయి

అక్కకు, నీ వాగుడుకాయ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. మా ఇంట్లో అందరూ క్షేమమే. అందరూ అంటే ఆయనా, పాపా. నా సంగతి చివర్లో చెప్తాను.

ముందు నువ్వడిగినవి. పాప దగ్గు తగ్గింది. పళ్ళకి తీగ వేయించాం, అద్దం ముందు నుంచి కదలడం లేదు. నువ్వు కుట్టి పంపిన గౌను భుజాల దగ్గర కాస్త వదులైందంటే, "నేను ఎదుగుతానని పెద్దమ్మకి తెలుసు" అంటూ నిన్నే వెనకేసుకొస్తోంది. ఇక "ఏంటే నీ ఉద్యోగం, పిచ్చివాళ్ళని లెక్కపెట్టడమా?" అన్నావుగా. కాదు తల్లీ! మనసు బాగాలేనివాళ్ళని ముందే ఎలా గుర్తుపట్టాలా అని ఐదు దేశాల డాక్టర్లు ఒకే ప్రశ్నల కాగితం పట్టుకుని తిరుగుతున్నారు. దాన్ని మన భాషలోకి మార్చేదాన్నీ, మనవాళ్ళ జవాబులు వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పేదాన్నీ నేను.

మొదట్లో ఒకరోజు కంప్యూటరు తెరమీద దూరదేశపు కళ్ళజోడు డాక్టరమ్మ హడలిపోయింది. "మీ నలభై మందిలో ముప్ఫై మంది చచ్చిపోతున్నామంటున్నారు! మీరింత తీరిగ్గా ఎలా కూర్చున్నారు?" అంది. నేను పగలబడి నవ్వాను. "మావాళ్ళు ఎండకీ చచ్చిపోతారు, నవ్వలేకా చచ్చిపోతారు డాక్టరుగారూ. మొగుడితో ప్రాణం విసిగిందంటారు, దోమలతోనూ విసిగిందంటారు" అన్నాను. భాష తెలిసినదాన్ని నేనే కదా, ఐదు దేశాలవాళ్ళూ తలూపారు. "ప్రాణం విసిగింది: మామూలు సణుగుడు, లెక్కలోకి తీసుకోవద్దు" అని నా చేత్తోనే నియమం రాశాను.

పోయిన నెల, మేం ప్రశ్నలడిగిన లైబ్రరీ ఆవిడ ప్రాణం తీసుకోబోయింది. పక్కింటివాళ్ళు చూడబట్టి బతికింది. ఆవిడ మాతో అన్నది ఒకటే మాట. "ప్రాణం విసిగిందమ్మా." దాన్ని కొట్టేసింది నేనే.

నన్నెవరూ ఒక్క మాట అనలేదక్కా. తిట్టినా బాగుండేది. "అందరం తలూపాం, అందరం వెతుకుదాం" అంది డాక్టరమ్మ. వారం రోజులు రికార్డు చేసుకున్న జవాబులన్నీ మళ్ళీ విన్నాం. ఇంకో దేశపు ముసలి డాక్టరు ఒకాయన, మన భాష ముక్క రానివాడు, నేను చెప్పిన అర్థాలు వరసగా చూసి, "అందరూ దేనితో విసిగిందో చెప్తున్నారు. ఈవిడ చెప్పలేదేం?" అన్నాడు. "మా భాషలోనూ అంతే. తిట్టుకోవడానికి ఎవరో ఒకరున్నంత కాలం నాకు అంత భయం ఉండదు" అన్నాడు. నిన్న ఆయన ఆ మాట అనగానే నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది.

దాచింది ఇప్పుడు చెప్తాను. నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఇన్నేళ్ళూ ఏం రాసేదానివి? "మీ బావతో ప్రాణం విసిగిందే", "ఈ దారం తెగే మిషనుతో ప్రాణం విసిగిందే" అని. ఈసారి చివర్న "ప్రాణం విసిగిందే" అని మాత్రం రాశావు. బావ లేడు, మిషను లేదు. అక్క మారదు అని నవ్వుకుని సొరుగులో పడేశాను. అదే ఉద్యోగం చేస్తూ! నిన్న తీసి ఆరుసార్లు చదివాను. ఎక్కడైనా ఓ తిట్టు దొరుకుతుందేమోనని వెతికాను.

ఫోను చేద్దామంటే నీకు సరిగా వినపడదు. బావకి చేశాను. "మీ అక్క ఈమధ్య అసలు గొడవే పడటం లేదు, బంగారంలా ఉంటోంది" అన్నాడు సంతోషంగా. ఇల్లు కదలొద్దనీ, నిన్ను ఒంటరిగా వదలొద్దనీ చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. కోప్పడతావని తెలుసు, కోప్పడు.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. రైల్లో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి, అదంతా రైలు తప్పు కాదు. ఎదురుగా అడిగితే "పోవే వాగుడుకాయా" అని నవ్వేస్తావు. అందుకే ఇది నీ చేతికిచ్చి నేను వంటింట్లోకి వెళ్తాను.

చచ్చిపోవాలని అనిపిస్తోందా అక్కా? నేరుగానే అడుగుతున్నాను. ఎవరితో విసిగిందో ఈ కాగితం వెనక రాయి. బావ, మిషను, నేను, ఎవరైనా సరే. రాయడానికి ఎవరూ దొరక్కపోతే ఖాళీగానే ఇచ్చెయ్యి. ఈసారి నవ్వను. తిరుగు టికెట్టు తీసుకోలేదు.

ఇట్లు,
నీ వంటింట్లో కూర్చున్న
వాగుడుకాయ చెల్లెలు