పన్నెండు గంటల కూత

తమ్ముడు ఆర్విడ్‌కు అక్క హుల్డా దీవెనలు. రోజూ పన్నెండింటికి భోజనాల వేళ కూసే ఫైరింజను షెడ్డు మీది సైరన్ తీసేశారని నీకెవరో చెప్పారట. తియ్యలేదు, దిగులుపడకు.

పాత బ్యాంకు వీధిలోకి కొత్తగా వచ్చిన క్యారల్ అనే పిల్ల, రోజూ మధ్యాహ్నం ఆ కూతకి తన పాప ఉలిక్కిపడి లేస్తోందని ఊరి సభలో అర్జీ పెట్టింది. "మీ ఇళ్ళల్లో గడియారాలు లేవా?" అని నిలదీసింది కూడా. అప్పుడు మన సెల్మా పిన్ని లేచింది.

"గడియారం ఉందమ్మా. మా ఆయన పోయాక ఒక్కదాన్నే తింటున్నాను. ఆ కూత వినబడితే ఊరంతా నాతోపాటే కంచాల ముందు కూచున్నట్టుంటుంది" అంది.

క్యారల్ అర్జీ వెనక్కి తీసుకుంది. మర్నాడు పన్నెండవుతుండగా పాపనెత్తుకుని పిన్ని గుమ్మంలో నిలబడిందట. "నువ్వు తినవే, దీని చెవులు నేను మూస్తా" అందట పిన్ని.

సరే గానీ, అమ్మ రై రొట్టెలో సోంపుతోపాటు నారింజ తొక్క కూడా వేసేదా? చర్చి భోజనాలకి ఈసారి రొట్టెలు నా వంతు. వెంటనే రాయి. మరదలికి, పిల్లలకి నా ముద్దులు. అమ్మనడిగే వీల్లేదు, ఇక నీ నాలుకకే గుర్తుండాలి.